వరి వేరు గేటు దగ్గర కూర్చున్న పెద్దమనిషికి

వరి వేరులోని ప్రోటీను మహారాజశ్రీ ఎన్‌ర్యాంప్-5 గారి సముఖమునకు,

చీపురుపల్లి దగ్గర ఎకరం ముప్పై సెంట్ల వరి రైతు నమస్కరించి రాయునది. ఇక్కడంతా క్షేమం అని రాయాలని ఉంది. కానీ మా బియ్యంలో, మట్టిలో కాడ్మియం అనే విషలోహం ఉందో లేదో ల్యాబు వాళ్లు తేల్చాలి. వాళ్లు తేల్చలేదు. అందుకే ఈ ఉత్తరం.

మంగళవారం మధ్యాహ్నం కిలో బియ్యం ఒక సంచిలో, కిలో మట్టి ఇంకో సంచిలో పట్టుకుని విజయనగరం వెళ్లాను. గేటు దగ్గర వాచ్‌మన్ ఆపాడు. "ఏటి బాబూ, సంచిలో ఏటున్నాది?" మట్టి అన్నాను. "ఆధార్ జెరాక్స్ కావాల." నాకా, మట్టికా అని అడిగితే "ఇద్దరికీ కలిపి ఒకటి సాలు" అన్నాడు. జెరాక్స్ తీయించుకొచ్చేసరికి సార్లు భోజనాలకెళ్లిపోయారు. వేపచెట్టు కింద రెండున్నర గంటలు కూర్చున్నాను. తీరా లోపలికెళ్తే, "నత్రజని, భాస్వరం, పొటాష్, జింకు చూస్తామండీ. కాడ్మియం చూసే మిషను మా దగ్గర లేదు" అన్నారు. ఆ ముక్కేదో గేటు మీద రాసి పెట్టొచ్చుగా! తిరుగు బస్సులో బియ్యం ఒళ్లో, మట్టి కాళ్ల మధ్య. లగేజీ కొట్టాలా వద్దా అని కండక్టరు నెల్లిమర్ల దాకా ఆలోచించాడు.

ఆ వాచ్‌మన్ మీద నాకు కోపం లేదు సుమండీ. ఆయన కనీసం సంచిలో ఏముందని అడిగాడు. నా గొడవంతా ఏమీ అడగని తమరితోనే.

తమరు ప్రోటీనులు. వరి వేరు పైపొర కింద ఒక వరుస కణాలు, ఇంకాస్త లోపల మరో వరుస. ఆ రెండు చోట్లా బయటి వైపు పొరలో కుర్చీ వేసుకుని, మట్టి నీటిలో వచ్చే మాంగనీసును లోపలికి పంపడం తమరి ఉద్యోగం. బాగానే ఉంది. కానీ ఆ మాంగనీసు వెనకే కాడ్మియం వచ్చి నిలబడుతుంది. దానికీ రెండు ధనావేశాలే, సైజు కూడా కాస్త అటూ ఇటూగా అంతే. ఇక తమరు మొహం ఎత్తి చూడరు. రండి, దయచేయండి అంటారు. బియ్యంలోకి చేరే కాడ్మియం చాలావరకు ఈ గేటు నుంచే దూరుతోందని 2012లో జపాన్ శాస్త్రవేత్తలు బయటపెట్టేదాకా తమరెంత పెద్దమనుషులో ఎవరికీ తెలియలేదు.

పోనీ మాంగనీసు ఎరగని దేశంలో కూర్చున్నారా అంటే అదీ కాదు. గరివిడి, గర్భాం పక్కనే మా ఊరు. మాంగనీసు లారీ వెనక బండి నడిపి తెల్లచొక్కా పాడుచేసుకోని మనిషి మా వైపు లేడు. బడికెళ్లే గుంటడు కూడా ఆ నల్లరాయిని చూసి ఇది మాంగనీసు అని చెప్పేస్తాడు. దాన్ని మొయ్యడమే వృత్తిగా పెట్టుకున్న తమరికి మాత్రం పోలిక తెలియదు!

తమరి వంశం పేరు మొదట ఎలుకల్లో దొరికిందట. ఎలుక రక్షణ కణాల్లో ఇలాంటి ప్రోటీన్ కనిపెట్టి పెట్టిన పేరే వరికీ అంటించారు. ఎలుకకీ వరికీ ఉన్న చుట్టరికం గాదెల దగ్గర మాకెప్పుడో తెలుసు లెండి.

తమరి సహోద్యోగుల సంగతీ ఒక మాట. హెచ్‌ఎంఏ-3 అని ఒకాయన ఉన్నారు. లోపలికొచ్చేసిన కాడ్మియాన్ని వేరు కణాల్లోనే రిక్తిక అనే గదిలో తోసి తాళం వేస్తారు, గింజ దాకా పోనివ్వరు. మంచి మనిషే. కానీ అంజన ధాన్ అనే రకంలో ఆయన ఒంట్లో 80వ అమైనో ఆమ్లం, ఆ ఒక్కటీ మారిపోయింది. అంతే, తాళం పడదు. ఇక ఎల్‌ఎస్‌ఐ-1 గారు సిలికా కోసం తలుపు తీసి ఇంకో విషమైన ఆర్సెనిక్‌ని పిలుస్తారు. మడిలో నీళ్లు నిలబెడితే కాడ్మియం గంధకంతో కలిసి అడుగున పడి ఉంటుంది, ఆర్సెనిక్ లేస్తుంది. ఆరగడితే ఆర్సెనిక్ తగ్గుతుంది, కాడ్మియం లేస్తుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. కోతకి ముందు మడి ఆరగట్టకుండా కొడవలి ఎవరు పెడతారండీ?

గంజి వారిస్తే ఆర్సెనిక్‌లో కొంతైనా పోతుంది. అంచేత ఎల్‌ఎస్‌ఐ గారిని మా అమ్మ చూసుకుంటుంది. కాడ్మియం అంత తేలిగ్గా కదలదు. ఒకసారి మూత్రపిండాల్లో చేరితే అందులో సగం పోవడానికే పదేళ్ల నుంచి ముప్పై ఏళ్లు పడుతుంది. జపాన్‌లో జింజూ నది ఒడ్డున గనుల నీళ్లు పొలాల్లో పారి, ఆ బియ్యం తిన్న ఆడవాళ్లకి కిడ్నీలు పోయి, ఎముకలు మెత్తబడి విరిగాయి. ఒళ్లు కదిపితే "ఇటాయి ఇటాయి" అని ఏడ్చేవారట, నొప్పి నొప్పి అని. ఆ ఏడుపే జబ్బు పేరైంది. అది కాలుష్యం వల్ల వచ్చిన జబ్బేనని అక్కడి ప్రభుత్వం 1968లో ఒప్పుకుంది.

మా మేనత్త వాళ్లది కవిటి వైపు, ఉద్దానం. వాళ్లింట్లో ఎవరైనా వస్తే కుశలం కంటే ముందు క్రియాటినిన్ ఎంత అని అడుగుతారు. అక్కడి కిడ్నీ జబ్బుకి ఇదీ కారణం అని ఎవరూ తేల్చలేదు, కాబట్టి ఆ నింద నీ మీద వెయ్యను. కానీ కిడ్నీ అన్న మాట వింటే మాకు పుట్టే టెన్షన్ నీకు తెలుసా? మా పొలంలో అది ఉందో లేదో కూడా నాకు తెలీదు. తెలుసుకుందామనే కదా ఆ సంచులు మోసింది! సూపర్ ఫాస్ఫేటు బస్తాలో భాస్వరంతో పాటు కాస్తో కూస్తో కాడ్మియం కూడా వస్తుందని చదివిన రోజు నుంచి నాకు సరిగా నిద్ర లేదు. వేసేది నేను, తినేది నా పిల్లలు, మధ్యలో గేటు దగ్గర నువ్వు. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి కళ్లు తెరిచి చూడలేవా? నీకు జీతం ఎందుకురా?

నిన్ను తీసేద్దామని చూడలేదనుకోకు. కోషిహికారి అనే జపాన్ వరి విత్తనాల మీద అయాన్ కిరణాలు కొట్టి నీ కుర్చీ విరగ్గొట్టారు. గింజలో కాడ్మియం దాదాపు లేకుండా పోయింది, ఆ పొలంలో పంటా నిలబడింది. ఆ వార్త చదివి నేను పండగ చేసుకున్నాను. ఇంకో ప్రయోగంలో నువ్వు లేని మొక్కలు మాంగనీసు అందక ఎదగలేకపోయాయట. ఆకులో సూర్యుడి వెలుగుతో నీటిని చీల్చి ఆక్సిజన్ వదిలే చోట నాలుగు మాంగనీసు పరమాణువులు ఉంటాయని అప్పుడెప్పుడో డిగ్రీలో చదువుకున్నాను. మా మడిలో వాటిని మోసుకొచ్చేది నువ్వే. అంటే నిన్ను తిట్టడానికి నేను పీల్చే గాలిలో కూడా నీ వాటా ఉంది, ఖర్మ.

రాత్రి ఇంటికొచ్చేసరికి అమ్మ ఆ సంచి విప్పి బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టేసింది. శ్రీకాకుళం సన్నాలు. శాంపిల్ అమ్మా అవి, అన్నాను. "టౌను సూసొచ్చిన బియ్యం, మరేటి, ఉడకవా?" అంది. వంకాయ కూర, వేడన్నం. ఇంకొంచెం పెట్టనా అంటే పెట్టమన్నాను.

మట్టి సంచి ఇంకా అరుగు మీదే ఉంది.

ఇట్లు,
తమరి గేటు బయట నిలబడ్డ రైతు