అయిదు కమ్మీల బార్ చార్టు గారికి

అయ్యా బార్ చార్టు గారూ,

అమీన్లనే నైట్రోజన్ ఉన్న కర్బన పదార్థాల తయారీకి కొత్త లోహ ఉత్ప్రేరకం కనిపెట్టామనే పరిశోధన పత్రం ఏది తెరిచినా చివరి పేజీల్లో తమరు హాజరు. ఉత్ప్రేరకాన్ని వాడిన ఒక్కో విడతకి ఒకటి చొప్పున అయిదు కమ్మీలు, ఒకే రంగు, ఇంచుమించు ఒకే ఎత్తు. దిగుబడి శాతం 99, 99, 98, 98, 97. కింద "చెప్పుకోదగ్గ నష్టం లేకుండా అయిదుసార్లు వాడాం" అని ఒక వాక్యం. పక్కన, సీసాకి అయస్కాంతం ఆనించిన ఫొటో. కోబాల్ట్, నికెల్ అయస్కాంతానికి అంటుకుంటాయని మాకు తెలియదేమోనని తమరి బెంగ కాబోలు.

తమరి అవసరాన్ని కాదనను. 1854లో ఫ్రెంచి రసాయనవేత్త బెషాంప్ నైట్రోబెంజీన్‌ని అనిలీన్ అనే అమీన్‌గా మార్చింది ఇనుము, ఆమ్లంతో. అక్కడ ఇనుము పని చేయించేది కాదు, ఖర్చయిపోయేది. చివరికి మిగిలేది గుట్టల కొద్దీ తుప్పు బురద. ఇప్పుడైతే ఆల్డిహైడో కీటోనో అనే కర్బన పదార్థం తీసుకుని, అమోనియా కలిపి, ఉత్ప్రేరకం వేసి హైడ్రోజన్ ఎక్కిస్తే అమీన్ తయారు. లెక్క ప్రకారం పక్కన మిగిలేది నీళ్లే. పల్లేడియం లాంటి ఖరీదైన లోహం బదులు కోబాల్ట్‌తోనూ ఈ పని విస్తృతంగా సాగుతుందని 2017లో జర్మనీలోని రోస్టాక్ బృందం చూపించింది. ఇలాంటి చోట ఉత్ప్రేరకాన్ని మళ్లీ మళ్లీ వాడగలమా అన్నదే అసలు ప్రశ్న. దానికి జవాబు చెప్పే ఉద్యోగం తమరిది.

తమరు చేస్తున్నదేమిటి? చర్య 4 గంటల్లో ముగుస్తుందనుకుందాం. తమరు 24 గంటలు నడిపిస్తారు. విడతకోసారి ఉత్ప్రేరకం సత్తువలో పావు వంతు పోతోందనుకోండి. అయిదో విడతకి మిగిలేది మూడో వంతు కంటే తక్కువ. అయినా పని 13 గంటల్లోపే అయిపోతుంది. తమరు కొలిచేది 24వ గంటకి కాబట్టి కమ్మీ నిటారుగా నిలబడుతుంది! మూడింట రెండొంతులు చచ్చినవాడికి సంపూర్ణ ఆరోగ్యమని సర్టిఫికెట్ ఇచ్చే వైద్యుణ్ణి తమరి దగ్గరే చూశాను. ఆ లెక్కన ఏడో కమ్మీ దాకా పరువు నిలుస్తుంది. ఎనిమిదోది గీసే ధైర్యం ఉందా?

ఇంకో సంగతి. అమీన్ మహా జిగట మనిషి, లోహం కనిపిస్తే పట్టుకుని వదలదు. తయారైన సరుకే ఉత్ప్రేరకం నుంచి కాస్త లోహాన్ని కరిగించి వెంట తీసుకుపోగలదు. చర్య సగంలో ఉండగా, వేడి మీదే వడగట్టి, వడగట్టిన ద్రవంలో చర్య ఇంకా సాగుతోందేమో చూడాలి; సాగితే లోహం కరిగి బయటికొచ్చినట్టే. చల్లార్చాక వడగడితే కరిగిన లోహం మళ్లీ తనని మోసే ఆధారపు పొడి మీదికి చేరి, ఏమీ ఎరగనట్టు కూర్చోవచ్చు. మందుల్లో లోహాల మీద, మందుల ప్రమాణాలు కూర్చే అంతర్జాతీయ సంస్థ ఐసీహెచ్ పెట్టిన పరిమితి చూశారా? నోటి ద్వారా తీసుకునే మందులో పల్లేడియం రోజుకి 100 మైక్రోగ్రాములు, కోబాల్ట్ 50. చవక లోహానికే గట్టి కాపలా! దీని ఊసు తమరి కమ్మీల్లో ఉండదు.

వడపోత కాగితానికి అంటుకుపోయిన పొడి సంగతి అడగను, ఎవరి కష్టాలు వాళ్లవి.

కానీ మన్నిక పరీక్షకి ప్రతిసారీ బెంజాల్డిహైడ్ అనే ఆ తేలికైన ఆల్డిహైడేనా? అదీ కొత్త సీసాలోంచి, మచ్చలేనిది. ముందు పేజీల్లో పదుల కొద్దీ అమీన్లు చేశామని మురిసిపోయి, మన్నిక పరీక్షకి మాత్రం అందరికంటే సాధువుని పిలుస్తారు. సల్ఫర్ తగిలితే నికెల్, కోబాల్ట్, పల్లేడియం మూడూ చతికిలబడతాయని తమరికి తెలియనిదా?

కాబట్టి ఈసారి చర్యను 30 శాతం దగ్గరే ఆపి కొలవండి. గంటగంటకీ ఎంత మారిందో గీత గీయండి. థయోఫీన్ అనే సల్ఫర్ వలయమున్న ఆల్డిహైడ్ ఒకటి వేసి, రెండో కమ్మీ ఎత్తెంతో నాకు రాయండి.

ఇట్లు,
తమరి కింద రాసే చిన్న అక్షరాలు కూడా చదివే పాఠకుడు