గడ్డ పెరిగితే మందు ఓడినట్టేనా?

క్యాన్సర్‌పైకి రోగనిరోధక శక్తిని ఉసిగొల్పే ఇమ్యునోథెరపీ మొదలయ్యాక తీసిన తొలి సీటీ స్కాన్‌లో గడ్డ పెరిగి కనిపిస్తే చికిత్స ఆపాలా, కొనసాగించాలా అన్నదే ఇక్కడి వివాదం.

ఆంకాలజిస్టు: ఊపిరితిత్తిలోని గడ్డ 20 మిల్లీమీటర్ల నుంచి 26కు చేరిందని మీరే కొలిచి ఇచ్చారు. గడ్డల కొలతతో చికిత్స ఫలితాన్ని తేల్చే 2009 నాటి రెసిస్ట్ 1.1 ప్రమాణాల ప్రకారం, ఎంచుకున్న గడ్డల కొలతల మొత్తం అంతకుముందు నమోదైన కనిష్ఠం కంటే 20 శాతమూ, కనీసం 5 మిల్లీమీటర్లూ పెరిగితే వ్యాధి ముదిరినట్టే. ఇంకా ఎదురుచూడడం దేనికండీ?

రేడియాలజిస్టు: కొలత నాదే, కాదనను. అయితే ఆ ప్రమాణాలకు పునాది, కణాలను నేరుగా చంపే కీమోథెరపీ అనుభవం. ఈ మందు, రోగనిరోధక కణాలైన టీ కణాలకు పడిన కళ్లేన్ని విప్పుతుంది. అవి గుంపుగా గడ్డలోకి చొరబడితే గడ్డ ఉబ్బుతుంది. క్యాన్సర్ కణమూ, దానిమీద దాడికి వచ్చిన టీ కణమూ సీటీలో ఒకే బూడిదరంగు మచ్చలో కలిసిపోతాయి. ఇటువంటి మందే అయిన ఇపిలిముమాబ్ తీసుకున్న మెలనోమా (ఒక చర్మ క్యాన్సర్) రోగుల్లో కొందరికి గడ్డలు ముందు పెరిగి, తర్వాత కరిగాయి.

ఆంకాలజిస్టు: అటువంటి ఉత్తుత్తి పెరుగుదల, అంటే సూడోప్రోగ్రెషన్, చాలా అధ్యయనాల్లో 10 శాతం లోపే. పెరుగుదల కనిపించినవారిలో అత్యధికులకు అది నిజంగా క్యాన్సరే. మనం ఆశతో ఆగిన వారాల్లో రోగి మరో చికిత్సను తట్టుకునే శక్తిని కోల్పోతే, ఆ నష్టాన్ని ఎవరు పూడుస్తారు?

(రోగి పక్కన కూర్చునే వైద్యుడి ప్రశ్న ఇది; నా దృష్టిలో ఈ వాదంలోకెల్లా బరువైనది ఇదే.)

రేడియాలజిస్టు: అందుకే గడువు లేకుండా ఆగమనను. ఇమ్యునోథెరపీ కోసం రెసిస్ట్‌ను సవరించి 2017లో తెచ్చిన ఐరెసిస్ట్ తొలి పెరుగుదలను 'నిర్ధారణ కానిది'గా నమోదు చేసి, 4 నుంచి 8 వారాల్లో మళ్లీ స్కాన్ చేయమంటుంది. అదీ రోగి నిలకడగా ఉంటేనే.

ఆంకాలజిస్టు: పెట్ స్కాన్‌తో ఇప్పుడే తేలిపోదా?

రేడియాలజిస్టు: అందులో వాడే ఎఫ్‌డీజీ అనే రేడియోధార్మిక పదార్థం గ్లూకోజు వంటిది. క్యాన్సర్ కణాల్లాగే, చురుకైన రోగనిరోధక కణాలూ దాన్ని ఎక్కువగా పీల్చుకుంటాయి. ఛాతీ మధ్యలోని లింఫు గ్రంథులు రెండువైపులా సమానంగా వెలిగితే, నేను క్యాన్సర్ పాకిందనే ముందు సార్కాయిడ్ తరహా ప్రతిచర్యేమోనని (క్యాన్సర్ కాని, రోగనిరోధక కణాలు తెచ్చే వాపు) చూస్తాను. క్యాన్సర్ కణాలను చంపే సీడీ8 రకం టీ కణాలను జిర్కోనియం-89 అనే రేడియోధార్మిక మూలకంతో చూపించే పద్ధతులు ఇంకా పరిశోధన దశలోనే ఉన్నాయి.

ఆంకాలజిస్టు: సరే, మందు కొనసాగిస్తాను. కానీ ఈలోగా బరువు తగ్గినా, నొప్పి పెరిగినా మీ రెండో స్కాన్ కోసం ఆగను. ఆయాసం వస్తే అసలే ఆగను.

రేడియాలజిస్టు: ఆయాసం వస్తే మాత్రం ఆ రోజే స్కాన్‌కు పంపండి. అది గడ్డ వల్ల కాక, ఈ మందే తెచ్చిన న్యుమోనైటిస్ (ఊపిరితిత్తుల వాపు) వల్ల కావచ్చు. అప్పుడు మందు ఆపి స్టీరాయిడ్లు మొదలుపెట్టవలసి రావచ్చు.