టర్కీ సినిమాలో ఉన్నది ఒట్టి ఒంటరితనమేనా?

టర్కీ సినిమాల ప్రస్తావన వస్తే చాలు, ఒక వాదన చేతులు మారుతూ ఉంటుంది: "అవి మనిషి ఒంటరితనం గురించిన సినిమాలు. వాటిలో మైనారిటీ జాతి అయిన కుర్దులనీ, గుర్తింపు అనీ వెతకడం పాశ్చాత్య విమర్శకుల పైత్యం. అంత అణచివేతే ఉంటే ఆ సినిమాలు బయటికొచ్చేవా?" వినడానికి బాగానే ఉంటుంది. ఆ సినిమాలు వరసగా చూస్తే మాత్రం నిలబడదు.

ఒంటరితనం సంగతి చూద్దాం. నూరి బిల్గే జెయ్లాన్ ‘ఉజాక్’ (2002) ఒక్కటే చూసినవాళ్లకు అలా అనిపించడం సహజమే. కానీ 1999లో యెషిమ్ ఉస్తావొలు తీసిన ‘సూర్యుడి వైపు ప్రయాణం’ చూడండి. మెహ్మెత్‌ది పశ్చిమ టర్కీలోని తిరె. కుర్దు కాదు. ఇస్తాంబుల్‌లో నేల కింద నీళ్ల పైపులు ఎక్కడ కారుతున్నాయో విని పట్టుకోవడం అతని పని. మినీబస్సులో పక్క సీటువాడు వదిలేసిపోయిన బ్యాగులో తుపాకీ దొరుకుతుంది. మెహ్మెత్ ఒంటి రంగు కాస్త నలుపు. అతన్ని కుర్దు అనుకోవడానికి పోలీసులకు అది చాలు. కొట్టి వదిలేస్తారు. గదికొచ్చాక తలుపు మీద ఎర్ర రంగుతో ఇంటూ గుర్తు కనిపిస్తుంది. ఉండే చోటు పోతుంది, పనీ పోతుంది. ఇది మనిషై పుట్టినందుకు వచ్చిన ఒంటరితనం కాదు, ఎవరో వచ్చి తలుపు మీద రాసిపోయింది.

ఇక సిద్ధాంతాలు బయటినుంచి తగిలిస్తున్నారన్న మాట. ఫ్రెంచ్ తత్వవేత్త అల్తుస్సేర్ ఒక ఉదాహరణ చెప్పాడు: వీధిలో పోలీసు "ఏయ్, నిన్నే" అని పిలుస్తాడు, వెనక్కి తిరిగిన క్షణంలోనే మనం అతని లెక్కలోకి చేరిపోతాం. మెహ్మెత్ కథ అచ్చం ఇదే. అక్కడితో ఆగదు కూడా. కుర్దు స్నేహితుడు బెర్జాన్ చనిపోతే, అతని శవపేటికతో మెహ్మెత్ తూర్పుకు బయల్దేరతాడు. రైల్లో ఏ ఊరని అడిగితే బెర్జాన్ ఊరి పేరు చెబుతాడు. తన మీద బలవంతంగా రుద్దిన గుర్తింపును ఇప్పుడు తానే కావాలని తీసుకుంటున్నాడు. నా దృష్టిలో సినిమా ఇక్కడ అల్తుస్సేర్‌ని దాటిపోయింది. పైగా ఓజ్‌జాన్ ఆల్పెర్ కుర్దులు ఎక్కువగా ఉండే దియార్‌బకిర్‌లో శోకగీతాలు సేకరించే యువతి మీద 2011లో తీసిన సినిమాకు పెట్టిన పేరు, అల్తుస్సేర్ ఆత్మకథ పేరే. తత్వాన్ని తెచ్చింది దర్శకుడే అయినప్పుడు విమర్శకుణ్ణి తప్పుపట్టడం ఏం న్యాయం?

ఎమిన్ ఆల్పెర్ ‘కొండకు అవతల’ (2012)లోనూ అంతే. ఇంట్లో జరిగే ప్రతి చెడుకూ కొండ అవతలి సంచారులే కారణమంటారు. ఆ సంచారులు తెరమీద కనిపించరు, శత్రువులన్న ముద్ర మాత్రం వాళ్ల మీద పడిపోతుంది.

చివరిగా, బయటికొచ్చాయి కదా అనేవాళ్లకు. కుర్దు మూలాలున్న దర్శకుడు ఇల్మాజ్ గునెయ్ జైల్లో ఉండి సూచనలు పంపితే షెరిఫ్ గోరెన్ తీసిన ‘యోల్’కు 1982లో ఫ్రాన్స్‌లోని కాన్ చిత్రోత్సవంలో అత్యున్నత బహుమతి వచ్చింది. టర్కీ ప్రేక్షకుడు దాన్ని థియేటర్లో చూసింది 1999లో. కుర్దు భాషపై 1983లో తెచ్చిన నిషేధ చట్టం 1991 దాకా ఉంది. అవి పాత రోజులంటారా? 2015లో కుర్దు గెరిల్లాల మీద తీసిన ‘బాకుర్’ డాక్యుమెంటరీ ప్రదర్శన ఇస్తాంబుల్ ఉత్సవంలో రద్దయింది. 2019లో దాని దర్శకులిద్దరికీ నాలుగున్నరేళ్ల జైలుశిక్ష పడింది.