‘ఇచ్చట ఆంధ్ర భోజనం లభించును’ బోర్డుకు నెల్లూరు నుంచి ఒక బహిరంగ లేఖ

మైసూరు ప్యాలెస్ చుట్టుపక్కల వీధుల్లో వెలసియున్న శ్రీ ‘ఇచ్చట ఆంధ్ర భోజనం లభించును’ బోర్డు గారి సముఖమునకు,

నెల్లూరు వాస్తవ్యుడొకడు నమస్కరించి వ్రాసుకొను విన్నపం. ఇక్కడ మేమంతా క్షేమం. వేసవి సెలవులైనా, దసరా సెలవులైనా మా జిల్లా జనం గుంపులు గుంపులుగా తమరిని దర్శించుకుని వస్తూనే ఉన్నారు కనుక తమరి క్షేమానికి ఏ లోటూ ఉండదని తలుస్తాను.

మా వీధిలో ఎవరైనా మైసూరు బయలుదేరుతున్నారంటే, ప్యాలెస్ ఎన్ని గంటలకు తెరుస్తారని అడిగేవారు అరుదు. “ఆడ మన భోజనం దొరుకుతుందా అబ్బయా? పిలకాయలు అన్నం లేందే ఉండలేరు” అన్నదే మొదటి ప్రశ్న, చాలాసార్లు చివరి ప్రశ్న కూడా అదే. పిలకాయల పేరు పెట్టి అడిగే ఆ పెద్దమనిషికి అరవై దాటి ఉంటాయి. పిలకాయల సంగతి నాకు తెలుసు. వాళ్లకు ఏ ఊళ్లోనైనా నూడుల్స్ బండి కనిపిస్తే చాలు. అన్నం లేందే ఉండలేనిది తండ్రులూ, తాతలూ. వారందరికీ సమాధానంగా ఆ ఊరిలో తమరు వేలాడుతున్నారు.

తమరి రూపం కళ్లకు కట్టినట్లు గుర్తుంది. పసుపుపచ్చ ఫ్లెక్సీ, దాని మీద ఎర్రటి అక్షరాలు, ఒక మూల అరిటాకు, ఇంకో మూల తిరుమల గోపురం, నడుమ మహాప్రాణం ఊడిపోయిన ‘ఆంద్ర’. ఐదు వందల కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేసి, నడుములు పట్టేసి బస్సు దిగిన మనిషికి ఒకవైపు బూడిదరంగు రాతి భవనం మీద గులాబీ రంగు గుమ్మటాలు కనిపిస్తున్నా, చూపు వాటిని దాటి వచ్చి తమరి మీద వాలుతుంది. “హమ్మయ్య” అన్న నిట్టూర్పు అప్పుడు వస్తుంది. ఆ నిట్టూర్పు దక్కాలని రాజుగారు ఖర్చు పెట్టినది తక్కువేమీ కాదు. 1897లో రాకుమారి పెళ్లి వేడుకల్లో పాత కొయ్య ప్యాలెస్ కాలిపోతే, హెన్రీ ఇర్విన్ అనే ఆంగ్లేయ వాస్తుశిల్పిని పెట్టుకుని, ఆ రోజుల్లోనే సుమారు 41 లక్షల రూపాయలు పోసి, 1912 నాటికి ఇప్పుడున్న భవనాన్ని పూర్తి చేయించారు. తమరి ఫ్లెక్సీకి ఎంతయిందో నేను అడగను.

ఆ ప్యాలెస్ లోపల కల్యాణ మండపం ఉంది. ఎనిమిది మూలల మండపం, పైన గ్లాస్గోలో తయారై వచ్చిన రంగుటద్దాల కప్పు, ఆ అద్దాల్లో నెమళ్లు. దాని కింద నిలబడి తల పైకెత్తితే మెడ నొప్పి పుట్టేదాకా దించబుద్ధి కాదు. మా బంధువర్గమంతా ఆ కప్పు కింద చేరి, మొదటి నెమలి దగ్గర ఉండగానే మా పెదనాన్న చేతి గడియారం చూసుకుని, “మీల్స్ మూడింటికి ఆపేస్తారంట, పదండి” అన్నారు. అంతే, నెమళ్లు నెమళ్ల దగ్గర ఉండిపోయాయి. పక్కనున్న దర్బారు హాలును, రంగు రంగుల స్తంభాల వరుసలతో సహా, మావాళ్లు తిరునాళ్లలో తప్పిపోయిన పిల్లవాడిని వెతుక్కునే వేగంతో దాటేశారు. చెప్పులు పెట్టిన చోట టోకెను కోసం జేబులు తడుముకోవడానికి పట్టిన సమయం దర్బారుకు పట్టలేదు.

ఇంత త్యాగం చేసి తమరి నీడకు చేరితే లోపల జరిగిన సత్కారం ఏమిటో తమరికి చెప్పడం నా ధర్మం. తమరు గుమ్మం పైన వీధి వైపు తిరిగి ఉంటారు కనుక లోపలి విషయాలు తమరి దృష్టికి వచ్చి ఉండవు. పప్పులో పప్పు తక్కువ, పసుపు నీళ్లు ఎక్కువ. గోంగూర పెద్ద ప్లాస్టిక్ డబ్బాలోంచి చెంచా కొసకు అంటినంత వచ్చింది, అందులోనూ ఉప్పే ముందు తగిలింది. సాంబారు తియ్యగా ఉంది. బెల్లం పడిన సాంబారు ఆ నేల అలవాటు, దానిని తప్పు పట్టడానికి నేనెవరిని? కానీ ఆ సాంబారు తమరి కింద కూర్చుని ఆంధ్ర సాంబారుగా చలామణీ కావడం ఏమి న్యాయం? వడ్డించే అబ్బాయి ఎక్కడో ఉత్తరాది నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చినవాడు. పాపం, అతనికి వచ్చిన తెలుగు ‘రైస్ కావాలా’, ‘అయిపోయింది’ అన్నంతవరకే. ఆ రెండిటితోనే ఆ హాలంతా నడుపుతున్నాడంటే అతని సామర్థ్యాన్ని మెచ్చుకోవలసిందే. మావాళ్లు “మన ఊరి మాదిరి లేదబ్బా” అని సణుగుతూనే మూడుసార్లు అన్నం పెట్టించుకుని, చేయి కడుక్కుంటూ, రాత్రికి కూడా ఇక్కడికే రావాలని ఏకగ్రీవంగా తీర్మానించారు.

బోర్డు గారూ, తమరు తెలుగువారి ఆకలి తీరుస్తున్నానని అనుకుంటున్నారేమో, తమరి వ్యాపారమంతా మా భయం మీద నడుస్తోంది. పరాయి ఊరి కంచంలో ఏముంటుందో అన్న భయం అది. ఆ భయం లేకపోతే తమరి పక్క సందులోనే మాకు ఏమేమి దొరికేవో చూడండి. ప్యాలెస్‌కు దగ్గరలోని నజరాబాదులో మైలారి పేరుతో దోశల కొట్లున్నాయి. అక్కడి దోశ దూదిలా మెత్తగా ఉంటుంది, మీద వెన్న ముద్ద కరుగుతూ ఉంటుంది, పక్కన కొబ్బరి చట్నీ. ఎర్రకారం పూసి పప్పులపొడి చల్లి పెనం మీద కరకరలాడించిన మా నెల్లూరు కారం దోశ దానికన్నా ఒక మెట్టు పైనే ఉంటుందని నేను కోర్టు బోనులో నిలబడి కూడా చెబుతాను. అయితే కారం దోశ మాకు రోజూ తెల్లవారితే సందు చివర దొరుకుతుంది కదా. బియ్యప్పిండితో కాల్చే అక్కి రొట్టె ఉంది, పప్పూ అన్నమూ కలిపి వండే బిసిబేళె బాత్ ఉంది, దారిలో మద్దూరులో ఆగితే ఉల్లిపాయలు దట్టించిన మద్దూరు వడ ఉంది. రాగిముద్దను ‘సారు’ అనే వాళ్ల చారులో ముంచి నమలకుండా మింగడం ఉంది. ఉదయగిరి, ఆత్మకూరు మెట్ట ఊళ్లలో సంగటి ముద్ద తిని పెరిగినవారు కూడా అక్కడ ముద్దను చూసి “ఇదేందబ్బా” అని మొహం తిప్పుకుని తమరి వైపు నడవడం నేను కళ్లారా చూశాను.

మైసూరుపాకు సంగతి మరీ విచిత్రం. మైసూరు మహారాజు నాల్వడి కృష్ణరాజ ఒడెయరు కాలంలో కాకాసుర మాదప్ప అనే వంటవాడు ఆ ప్యాలెస్ వంటశాలలోనే దానిని మొదట చేశాడని చెబుతారు. ఆయన వంశంవారి మిఠాయి దుకాణం సయ్యాజీరావు రోడ్డులో ఈనాటికీ ఉంది. అంటే, రాజుగారి వంటింటి నుంచి సామాన్యుడి చేతిలోకి ఏదైనా వచ్చిందంటే అది ఆ మైసూరుపాకు ముక్కే. మా బస్సులో ఎక్కిన ఒంగోలు చుట్టాలు, దారిలో తినడానికి ఒంగోలు మైసూరుపాకు పెట్టె కట్టించుకుని వచ్చి, సరిగ్గా ఆ దుకాణానికి కూతవేటు దూరంలో మూత విప్పి, అందరికీ తలా ఒక ముక్క పంచారు. ఒంగోలు పాకు గొప్పదనం గురించి నాకు ఏ అనుమానమూ లేదు, రెండు ముక్కలు తీసుకున్నాను. దానిని మైసూరు దాకా మోయించినది మాత్రం తమరు నేర్పిన విద్యే.

తమరికి పోటీదారులు లేరని కాదు. వంటవాళ్లను, గ్యాస్ సిలిండరును, బియ్యం బస్తాను వెంటేసుకుని తిరిగే యాత్రల బస్సులు కొన్ని పార్కింగు మూలనే తాలింపు వేసేస్తాయి. వాటి టమోటా పప్పు ముందు తమరి పప్పు నిలవదు. శ్రీరంగపట్నంలో 1784లో టిప్పు కట్టించిన దరియా దౌలత్ బాగ్ ఉంది, తోట నడుమ వేసవి విడిది, గోడల నిండా ఆంగ్లేయులు ఓడిన పొల్లిలూరు యుద్ధం బొమ్మలు. ఆ తోట ముందు మావాళ్లు దిగారా అంటే దిగారు, పచ్చికలో కూర్చుని పులిహోర పొట్లాలు విప్పవచ్చా అని కాపలావాడిని అడగడానికి.

ఇక కృష్ణరాజసాగర్ ఆనకట్ట దిగువనున్న బృందావనం తోటకు సాయంత్రం వెళ్లినప్పుడు నాకొక ఆలోచన వచ్చింది. కావేరికి అడ్డంగా కట్టిన ఆ ఆనకట్ట నిర్మాణంలో ముఖ్యుడైన మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారి ఇంటిపేరు మా పక్క ప్రకాశం సీమలో బేస్తవారిపేట దగ్గరి మోక్షగుండం నుంచి వచ్చినదే. ఆ వంశం కన్నడ దేశానికి వెళ్లి, అక్కడి నీళ్లు తాగి, అక్కడి తిండి తిని, అక్కడిదైపోయింది. అప్పటికి తమరు పుట్టలేదు. పుట్టి ఉంటే వాళ్లు నెల తిరగకుండానే గోంగూర కోసం వెనక్కి వచ్చేసేవారేమో, ఆనకట్ట సంగతి కావేరి చూసుకునేది.

తమరిని దింపేయమని నేను కోరను. షుగరు మాత్ర వేసుకున్న పెద్దవారికి వేళకు ఇంత అన్నం పడాలి. వారం రోజుల యాత్రలో ఒక పూట ఆవకాయ కోసం ప్రాణం కొట్టుకోవడమూ నేను ఎరుగుదును. కోరేది ఒక్కటే. ఆదివారాలు, సెలవు రోజుల్లో సాయంత్రం ఏడు గంటలకు ఆ ప్యాలెస్ మీద లక్షకు దగ్గరగా బల్బులు ఒక్కసారిగా వెలుగుతాయి. ఏడూ ముప్పావు దాకా, అంతే. ఆ ముప్పావుగంట సేపు తమరి ట్యూబులైట్లు ఆర్పించి, ‘భోజనం ఎనిమిది తర్వాతనే’ అని ఒక అట్టముక్క తగిలించండి. మావాళ్లు వేరే గతి లేక తల ఎత్తి చూస్తారు.

ఇట్లు,
తమరి పప్పు తిన్న ఒక నెల్లూరువాసి

తా.క.: తమరి అడుగున కొత్తగా ‘నెల్లూరు చేపల పులుసు స్పెషల్’ అని ఇంకొక వరుస చేర్చారని మొన్న వెళ్లి వచ్చినవారు చెప్పారు. అందులో మామిడికాయ ముక్క లేదట, చేప ఏదని అడిగితే ‘చేపే’ అన్నారట, పైగా అప్పుడే దించిన పులుసును వేడివేడిగా పోశారట. రాత్రి వండి తెల్లారి తినే దానిని అలా పోయడం మా జిల్లాలో ఎవరూ క్షమించరు. ఆ వరుస మీద వెంటనే తెల్లరంగు పూయించగలరు.