గోదారమ్మకి మైల అంటదా?

రాజమండ్రి నుంచి కొవ్వూరు వెళ్తుంటే వంతెన మీద మా అత్తయ్య బండి ఆపించింది. చేతిలో ముడివేసిన పాలిథిన్ కవర్. అందులో వారం రోజుల పూజ పూలు, అగరుబత్తి పుల్లలు, చిరిగిన దేవుడి క్యాలెండర్. దాన్ని కళ్లకద్దుకుని గోదాట్లోకి వదిలి దణ్ణం పెట్టుకుంది. "చెత్తబుట్టలో వేస్తే ఎవరైనా తొక్కుతారు కదా నాన్నా" అంది. రోడ్డు మీద చాక్లెట్ కాగితం కూడా పారేయని మనిషి ఆవిడ.

నదుల్లో ప్లాస్టిక్ గురించి ఏ దేశంలో చర్చ జరిగినా జనానికి అవగాహన లేదన్న మాట వస్తుంది. నాకది సగం నిజం కూడా అనిపించదు. అత్తయ్య ఆ కవర్ వేసింది భక్తితో. ఆవిడకి గోదావరి మన మురికి పోగొట్టే తల్లి. ఆ తల్లికే మురికి అంటుతుందంటే ఎలా నమ్ముతుంది?

కాలుష్యం అనేది మనకి పుస్తకాల మాట. ఇంట్లో వినపడేవి మైల, అంటు, ఎంగిలి, మడి. ఎవరు ముట్టుకున్నారు, ఎప్పుడు ముట్టుకున్నారు అన్నదే వీటికి లెక్క. నీళ్లలో ఏం కలిసిందో ఇవి అడగవు. నది తన వేగంతోనే శుద్ధి అవుతుందని ధర్మశాస్త్రం చెప్పిన కాలంలో అది కళ్లముందు కనిపించే సంగతే. పూలు, బూడిద పడితే పారే నీరు అరిగించుకునేది. ఇప్పుడు ఆనకట్టల దగ్గర నీళ్లు నిలుస్తున్నాయి, ఊళ్ల మురుగు రాత్రీపగలూ కలుస్తోంది, ప్లాస్టిక్ అరగదు.

2025 ఫిబ్రవరిలో కుంభమేళా జరుగుతుండగా, ప్రయాగ్‌రాజ్ నీళ్లలో మలం నుంచి వచ్చే బ్యాక్టీరియా స్నానానికి ఉండాల్సిన పరిమితి దాటిందని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి హరిత ట్రిబ్యునల్‌కి చెప్పింది. ఆ పరిమితి 100 మిల్లీలీటర్లకు 2,500. అదే నెలలో ఉత్తరప్రదేశ్ ముఖ్యమంత్రి అసెంబ్లీలో ఆ నీళ్లు ఆచమనానికి కూడా పనికొస్తాయన్నారు. మునిగిన భక్తుల్ని నేను తప్పుపట్టను. కానీ నదికి మైల అంటదనుకునే చోట, మురుగుని శుద్ధి చేయకుండా వదిలేసే మున్సిపాలిటీని ఎవరూ నిలదీయరు. ఆ మురుగు కాలువ ముందు అత్తయ్య కవర్ ఏపాటిది?

న్యూజిలాండ్‌లో వాంగనుయి నది అక్కడి ఆదివాసులైన మావోరీలకు పూర్వీకురాలి లాంటిది. నదే నేను, నేనే నది అంటారు వాళ్లు. వందేళ్లకు పైగా పోరాడి, 2017 మార్చిలో ఆ నదికి చట్టం ముందు మనిషితో సమానమైన హోదా తెచ్చుకున్నారు. అదే నెలలో ఉత్తరాఖండ్ హైకోర్టు గంగా యమునలకీ ఆ హోదా ఇచ్చింది. జూలైలో సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. బంధుత్వం ఇద్దరికీ ఉంది. వాళ్లకది బాధ్యత పెట్టింది. మనమేమో అమ్మ అన్నీ భరిస్తుందిలే అనుకున్నాం.

కాశీలో వీరభద్ర మిశ్ర అని సంకటమోచన్ ఆలయ మహంతు, అంటే ఆలయ పెద్ద, ఉండేవారు. ఆయన హైడ్రాలిక్ ఇంజనీరింగ్ ప్రొఫెసర్ కూడా. గంగ కలుషితమైందంటే భక్తులకి తల్లిని తిట్టినట్టు ఉంటుందని ఆయన గ్రహించారు. అందుకే మీ అమ్మ ఒంటి మీద మురుగు పోస్తుంటే చూస్తూ ఊరుకుంటారా అని అడిగేవారు.

2027లో గోదావరి పుష్కరాలు. ఘాట్ల దగ్గర బుట్టలు పెడతారు, వాటి మీద "చెత్త" అని రాస్తారు. దేవుడి పూలు అందులో ఎవరు వేస్తారు? "నిర్మాల్యం" అని రాయాలి. పక్కనే ఆ ఊరి మురుగు ఏ కాలువలోంచి ఎక్కడ కలుస్తోందో బోర్డు పెట్టాలి. మా అత్తయ్య ఇప్పుడు పూలన్నీ పెరట్లో పారిజాతం మొదట్లో వేస్తోంది. అక్కడైతే ఎవరూ తొక్కరు.