ఆవకాయకు ఉన్న ముందుచూపు స్ట్రాబెర్రీకి ఎందుకు ఉండదు?

హైదరాబాద్‌లో ఏటా చలికాలంలో జరిగే నుమాయిష్ ప్రదర్శన ముగిసే రోజులు వచ్చాయంటే మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ బృందం నిండా ఒకే రకం ఫోటోలు. వికారాబాద్ వైపు తోటల్లో స్వయంగా కోసుకొచ్చినవారు కొందరు, మహాబలేశ్వరం వెళ్లి కారు డిక్కీ నింపుకొచ్చినవారు మరికొందరు. బుట్టలు, ట్రేలు, ఎర్రటి స్ట్రాబెర్రీలు, పిల్లల నవ్వులు. రెండు రోజులు గడుస్తాయి. అదే బృందంలో మొహమాటంగా ఒక ప్రశ్న దిగుతుంది: "బూజు పట్టినవి తీసేసి మిగతావి తినవచ్చా అండీ?"

ఇదే మనుషులు మామిడికాయ విషయంలో ఎంత లెక్కగా ఉంటారో గమనించారా? కాయ గుమ్మం తొక్కకముందే కారం పట్టించి ఉంటుంది, ఆవాలు ఎండి ఉంటాయి, నువ్వుల నూనె వచ్చి ఉంటుంది, జాడీ కడిగి ఎండలో బోర్లించి ఉంటుంది. ముక్కలు కొట్టించడం, తుడవడం, కలపడం అంతా ఒక్క పూటలో అయిపోవాలి. ఒక్క తడి చెయ్యి తగిలితే ఇల్లంతా కేకలు. స్ట్రాబెర్రీ దగ్గరకు వచ్చేసరికి ఆ తెలివంతా ఎక్కడికి పోతుందో! ఇంట్లో చక్కెర అరకిలో ఉంటుంది, నిమ్మకాయ ఒకటి వాడిపోయి ఉంటుంది, ఖాళీ సీసా ఒక్కటీ ఉండదు. అయిదు కిలోల పండు మాత్రం వంటింటి గట్టు మీద కూర్చుని ఉంటుంది. ఫ్రిజ్ ఉందిగా అనే ధైర్యం.

సూటిగా చెబుతాను. ఎక్కువ మొత్తంలో వచ్చిన స్ట్రాబెర్రీని తాజాగా దాచే మార్గం మన ఇళ్లలో లేదు. రెండు రోజుల్లో తినగలిగినంత పక్కన పెట్టుకుని, మిగతాదాని రూపం వచ్చిన సాయంత్రమే మార్చడం మొదలుపెట్టాలి. అంత ఓపిక లేకపోతే అరకిలో కొనుక్కుని ఇంటికి రండి.

ఈ పండులో పదింట తొమ్మిది వంతులు నీరే. పైన గట్టి తొక్క అంటూ లేదు. బూడిద రంగు బూజు తెప్పించే బోట్రైటిస్ అనే శిలీంధ్రం చాలాసార్లు తోటలో పూత దశలోనే లోపల చేరి, పండు మెత్తబడే వరకు చప్పుడు చేయకుండా ఉంటుంది. అంటే మీరు మచ్చలేదని మురిసిపోయిన పండులోనూ అది ఉండవచ్చు. ఫ్రిజ్ చలి దాన్ని నెమ్మదింపజేస్తుందే తప్ప ఆపలేదు. సున్నా డిగ్రీల వద్ద, గాలిలో 90 శాతానికి పైగా తేమతో నడిచే శీతల గిడ్డంగుల్లోనే ఇది వారం రోజులు నిలవడం గొప్ప. రోజుకు ఇరవై సార్లు తలుపు తెరిచే మన ఫ్రిజ్ ఎంత?

ఇక ఫోన్లలో తిరిగే చిట్కాల చిన్న వీడియోల సంగతి. గాజు సీసాలో వేసి మూత బిగిస్తే నెల రోజులు నవనవలాడతాయట. వెనిగర్ నీళ్లలో ముంచితే చాలట. ఒక వంతు వెనిగర్, మూడు వంతుల నీళ్లలో కడగడం వల్ల పైనున్న బూజు బీజాలు కొన్ని పోతాయి, నిజమే. ఒకటి రెండు రోజులు అదనంగా కలిసివస్తాయి. అది కూడా ప్రతి పండూ పూర్తిగా ఆరిన తర్వాత లోపల పెడితేనే. అయిదు కిలోల పండ్లను ఒక్కొక్కటిగా ఆరబెట్టే తీరిక ఉన్నవారికి జామ్ చేసే తీరిక లేదంటే నేను నమ్మను.

ఇంకొక అపోహ: తొడిమ దగ్గర తెల్లగా ఉన్నవి ఇంట్లో పండుతాయని. పండవు. అరటి, మామిడిలా ఇది కోసిన తర్వాత తీపెక్కే జాతి కాదు, రంగు కొంచెం ముదరవచ్చు అంతే. అలాంటివన్నీ ఏరి, పచ్చిమిర్చి, జీలకర్ర వేసి రోటి పచ్చడి నూరుకుని ఆ పూటే తినేయండి, పులుపుకు పులుపు. "స్ట్రాబెర్రీ ఆవకాయ" అని ఏడాది నిలవ పచ్చడి నేర్పేవారి మాట మాత్రం వినకండి. ఈ పండుకు టెంక లేదు, గట్టి కండ లేదు. ఉప్పు తగలగానే నీరు వదిలేస్తుంది, ఆ నీటికి ఉప్పు, కారం రెండూ చాలకుండా పోతాయి.

జామ్ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. చక్కెర రుచి కోసం మాత్రమే వేస్తారనుకునేవారు ఈ ఊళ్లో చాలామంది ఉన్నారు. పచ్చళ్లలో ఉప్పు చేసే పనే ఇక్కడ చక్కెర చేస్తుంది, పండులోని నీటిని పట్టేసి సూక్ష్మజీవులకు దక్కకుండా చేస్తుంది. కిలో పండుకు కిలో చక్కెర అన్నది పాత లెక్క. ముప్పావు కిలో వరకు తగ్గవచ్చు. ఇంకా తగ్గించారంటే, లేదా ఆరోగ్యం పేరు చెప్పి నాలుగు చెంచాల తేనెతో సరిపెట్టారంటే, మీరు చేసింది నిలవ సరుకు కాదు. హాయిగా తినండి, కానీ ఫ్రిజ్‌లో పెట్టి మూడు నాలుగు వారాల్లో ముగించండి. అల్మారాలో పెట్టి ఉగాదికి తెరిచి ఆశ్చర్యపోకండి.

పండును కడిగాకే తొడిమ తీయాలి. ముందే తీస్తే నీళ్లు లోపలికి దిగుతాయి. చక్కెరలో కలిపి రాత్రంతా మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే తెల్లారేసరికి పండు తన రసంలోనే తేలుతుంది, చుక్క నీళ్లు పోయనక్కర్లేదు. ఉన్న అయిదు కిలోలనూ ఒకేసారి పొయ్యెక్కించవద్దు. గంటన్నర ఉడికితే రంగు ఇటుక రంగుకు దిగజారుతుంది, సువాసనంతా పక్క ఫ్లాటువాళ్ల పాలవుతుంది. కిలో చొప్పున, అడుగు మందంగా ఉన్న వెడల్పాటి స్టీలు గిన్నెలో, పెద్ద మంట మీద త్వరగా ముగించాలి. పులుపు కాబట్టి అల్యూమినియం వద్దు.

జామ్‌ను గట్టిపరిచే పెక్టిన్ అనే పదార్థం స్ట్రాబెర్రీలో తక్కువ, అందుకే ఇంటి జామ్ చాలాసార్లు పాకంలా జారిపోతుంది. దానికి పొడి కొననక్కర్లేదు. అదే చలికాలంలో మన తోపుడు బండ్ల మీద గుట్టలుగా ఉండే దోర జామకాయలో పెక్టిన్ దండిగా ఉంటుంది. రెండు కాయలు తరిగి, మునిగేంత నీటిలో మెత్తబడే వరకు ఉడికించి, పిండకుండా వడకట్టిన ఆ నీటిని కిలో పండులో కలపండి. మన నిమ్మకాయలు చిన్నవి కాబట్టి రెండు మూడు పిండండి. జామ్‌లో జామ ఏమిటని మా ఇంట్లో నవ్వారు. తిన్న తర్వాత నవ్వలేదు.

థర్మామీటరు కొన్నవారికి ఒక మాట. విదేశీ వంటకాల్లో 105 డిగ్రీలు రావాలని రాస్తారు. అది సముద్రమట్టం లెక్క. హైదరాబాద్ 500 మీటర్లకు పైన ఉంది, ఇక్కడ నీరు 98 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. జామ్ కుదిరేది నీరు మరిగే వేడి కంటే నాలుగైదు డిగ్రీలు పైన, అంటే మనకు 102, 103. ఇక్కడ 105 కోసం ఎదురుచూస్తే రొట్టె మీద రాసుకునేది కాక, చెంచా వంచేసే ముద్ద మిగులుతుంది. థర్మామీటరు లేకపోయినా నష్టం లేదు. ఫ్రీజర్‌లో పెట్టిన చిన్న స్టీలు పళ్లెం మీద ఒక చుక్క వేసి, నిమిషం ఆగి, వేలితో నెట్టండి. పైన ముడతలు పడితే పొయ్యి కట్టేయడమే.

సీసాలు మరిగే నీళ్లలో పది నిమిషాలు ఉంచి, జామ్ వేడిగా ఉండగానే నింపాలి. బిగుతు మూత పెట్టిన సీసాలను మళ్లీ నీటిలో పూర్తిగా మునిగేలా ఉంచి మరో పది నిమిషాలు మరిగిస్తే బయట నిలవుంటాయి. సముద్రమట్టానికి వెయ్యి అడుగుల లోపు ఎత్తున్న ఊళ్లకు అయిదు నిమిషాలు చాలంటారు, మన ఎత్తుకు పది కావాలి. ఇంత చేశాక కూడా ఎప్పుడైనా బూజు కనబడితే సీసా మొత్తం పారేయండి. మా పిన్ని పైపొర గీకేసి "అడుగున బాగానే ఉందే" అంటుంది. పిన్నీ, అడుగున ఉన్నది నీ కంటికి కనబడదు, అంతే తేడా!

బజారులో జామ్ దొరుకుతుంటే ఈ శ్రమ ఎందుకని అడిగేవారు ఒక విషయం వినండి. జామ్‌లో పండు కనీసం 45 శాతం ఉండాలని 2011 నాటి కేంద్ర ఆహార ప్రమాణాల నిబంధనల్లో రాశారు. స్ట్రాబెర్రీ, రాస్ప్‌బెర్రీలకు మాత్రం 25 శాతం చాలని అక్కడే సడలింపు ఇచ్చారు. సీసా మీద బొమ్మ ఎంత పెద్దదైనా లోపల పావు వంతు పండు ఉంటే చట్టానికి సరిపోతుందన్నమాట.

పొయ్యి దగ్గర నిలబడలేనివారికి ఫ్రీజర్ ఉంది. కడిగి, బాగా ఆరబెట్టి, పళ్లెంలో ఒకదానికొకటి తగలకుండా పరిచి గట్టిపడనివ్వాలి. ఆ తర్వాతే సంచిలో వేసి గాలి తీసేయాలి. లేకపోతే మొత్తం ఒకే బండ అవుతుంది. మైనస్ 18 డిగ్రీల వద్ద ఎనిమిది నెలలైనా ఉంటాయి. కరిగించి పండులా తిందామనుకుంటే మాత్రం నిరాశే. లోపలి నీరు మంచుగా మారి కణాల గోడలను చీల్చేస్తుంది, కరగగానే పండు చతికిలబడుతుంది. మిల్క్‌షేక్, లస్సీ వరకే దాని పని.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది తాండ్ర. ఆత్రేయపురం వారు మామిడితో చేసే పని, మన ఫిబ్రవరి చివరి ఎండలో, ఆ పొడి గాలిలో స్ట్రాబెర్రీతోనూ చక్కగా కుదురుతుంది. ఒట్టి స్ట్రాబెర్రీ గుజ్జు ఎండితే పెళుసుగా విరుగుతుంది కాబట్టి నాలుగో వంతు జామపండు గుజ్జు కలిపి, తీపికి కొంచెం చక్కెర వేసి దగ్గరపడే వరకు ఉడికించి, నెయ్యి రాసిన పళ్లెంలో పల్చగా పోయాలి. పైన నూలు గుడ్డ కట్టాలి, మేడ మీద పావురాలు ఉన్నాయి, పక్క వీధిలో ఇల్లు కడుతున్న దుమ్ము ఉంది. ఒక పొర పూర్తిగా ఎండాకే రెండోది. చేతికి అంటుకోకుండా ఊడివచ్చిందంటే చుట్టేసి డబ్బాలో పెట్టుకోవచ్చు, పరీక్షల కాలంలో పిల్లల డబ్బాల్లోకి ముక్కలుగా వెళ్లిపోతుంది.

అన్నట్టు, మా అపార్ట్‌మెంట్ వారికి ఈసారి కూడా తలా ఒక చిన్న సీసా జామ్ పంపుతాను. తిన్నాక సీసా, మూతతో సహా, కడిగి తిరిగి ఇవ్వండి. పోయిన ఏడాది సీసాలు కొందరి ఇళ్లలో లవంగాలు నింపుకుని కూర్చున్నాయని నాకు తెలుసు.