‘సేకరణ’ గారికి ఓ జవాబు

ఈ వారంలో ఆరోసారి వచ్చింది ఆ మెసేజ్. పంపినవాళ్లలో ఇద్దరు టీచర్లే! “బడిలో జర్నలిజం చెప్పడానికి టీచర్లకు ట్రైనింగా? ఎందుకీ దండగ?” అని హెడ్డింగు, కింద ఐదు పాయింట్లు, అడుగున ‘సేకరణ’. ఎవరి దగ్గర సేకరించారో ఆ దేవుడికే తెలియాలి. ఓపిక ఉన్నంతవరకు వరసగా చూద్దాం.

ఒకటి: “వ్యాకరణం తెలిసిన భాషా టీచరు చాలు.” నేను భాషా టీచర్నే. పిల్లలు రాసే స్కూలు పత్రిక నా నెత్తిన పెట్టిన మొదటి ఏడాది ఒకమ్మాయి స్కూలు బస్సుల మీద వార్త రాసుకొచ్చింది. అందులో డ్రైవరు మాట: “సగం తొక్కితే బ్రేకు పడదు. మొత్తం తొక్కి దణ్ణం పెట్టుకోవాలి.” ఎర్ర పెన్ను తీసి, ఆ కోట్స్ మధ్యలోనే, “బ్రేకుల పనితీరు సంతృప్తికరంగా లేదు” అని దిద్దాను. ఒక్క తప్పు లేని వాక్యం. ఆ డ్రైవరు జన్మలో అనని వాక్యం. పైగా “రిపేరు రికార్డు చూశావా? ఇంకో డ్రైవర్ని అడిగావా?” అన్న ప్రశ్నే నాకు తట్టలేదు. ఒత్తులు మాత్రం అన్నీ సరిచేశాను.

రెండు: “అందరి చేతుల్లో ఫోన్లున్నాయి, అందరూ విలేకరులే.” కత్తెర ఉన్నవాళ్లంతా దర్జీలైతే ఇదీ నిజమే.

మూడు: “ప్రపంచంలో ఎక్కడా లేని వింత.” అమెరికాలో జర్నలిజం ఎడ్యుకేషన్ అసోసియేషన్ 1924 నుంచీ ఉంది. ఈ పని చేసే టీచర్లకు సర్టిఫికెట్లు కూడా ఇస్తుంది. తర్వాతది.

నాలుగు. నన్ను కూర్చోబెట్టి ఇదంతా రాయించింది ఇదే: “సలహాదారు టీచరు (పిల్లల పత్రికను దగ్గరుండి చూసుకునే టీచరు) పని ఒక్కటే. అచ్చుకు ముందు చదివి, స్కూలు పరువు తీసేవి కొట్టేయడం. దానికి ట్రైనింగెందుకు?” నిజమే, కొట్టేయడానికి అక్కర్లేదు. పెన్ను చాలు.

అలా కొట్టేస్తే ఏమవుతుందో మిస్సోరీ రాష్ట్రంలోని హేజిల్‌వుడ్ ఈస్ట్ హైస్కూల్ చూపించింది. 1983 మేలో వాళ్ల ‘స్పెక్ట్రమ్’ పత్రిక ప్రూఫులు ప్రిన్సిపాల్ బల్ల మీదకు వెళ్లాయి. ఒక కథనం గర్భవతులైన విద్యార్థినుల గురించి, ఇంకోటి విడాకులు తీసుకున్నవాళ్ల పిల్లల గురించి. రెండోదాంట్లో ఒకమ్మాయి తండ్రిని తప్పుపట్టింది. ఆయన వైపు మాట లేదే అన్నది ప్రిన్సిపాల్ అభ్యంతరాల్లో ఒకటి. న్యాయమైన అభ్యంతరమే. కానీ ఆయన చేసిందేమిటి? రెండు పేజీలు మొత్తం ఎత్తేశాడు, ఏ గొడవా లేని కథనాలతో సహా. సలహాదారు ఆ అమ్మాయి పేరు అప్పటికే తీసేశాడన్న సంగతి కూడా ఆయనకు తెలియదు. పిల్లలు వేసిన కేసు అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, 1988లో 5-3 తీర్పుతో స్కూలే గెలిచింది.

“చూశారా, కోర్టే చెప్పింది” అంటారు. స్కూలుకు ఆ అధికారం ఉందని చెప్పింది. సలహాదారు ఉద్యోగం అదేనని చెప్పలేదు. “వాళ్ల నాన్నను అడిగావా?” అని మొదటి డ్రాఫ్టప్పుడే అనే మనిషి ఉంటే ఆ ఒక్క అభ్యంతరమైనా పుట్టేది కాదు. మరి అక్కడ పాత సలహాదారు కొన్ని రోజుల ముందే ఉద్యోగం మానేశాడు, చివరి సంచిక కొత్తాయన చేతిలో పడింది.

ఇంకో వైపు చూడండి. 2017లో కాన్సస్ రాష్ట్రం పిట్స్‌బర్గ్ హైస్కూల్ పిల్లలు, కొత్తగా ఎంపికైన ప్రిన్సిపాల్ చెప్పుకున్న డిగ్రీల గురించి ఆరా తీశారు. ఆ డిగ్రీలిచ్చిన విశ్వవిద్యాలయం సంగతే అనుమానంగా తేలింది. కథనం వచ్చిన కొద్దిరోజులకే ఆవిడ రాజీనామా చేశారు. సలహాదారు టీచరు ఏం చేసిందో తెలుసా? ప్రిన్సిపాల్ ఎంపిక కమిటీలో తనూ ఉంది కాబట్టి, ఆ కథనం పర్యవేక్షణ నుంచి తప్పుకుంది. బయటి నుంచి ఇంకొకరు పిల్లలకు సాయపడ్డారు. ఎక్కడ పక్కకు జరగాలో తెలియడం ఏ వ్యాకరణంలో ఉందండీ, ఏ సంధి కింద వస్తుంది? మన ‘సేకరణ’ గారైతే పరువు పేరుతో ఆ కథనం కొట్టేసి, ప్రిన్సిపాల్‌కు పూలగుత్తి ఇస్తున్న ఫొటో మొదటి పేజీలో వేసేవారు.

ఐదు: “ట్రైనింగులన్నీ టైం వేస్టు.” దీంతో మాత్రం ముప్పావు వంతు ఒప్పుకుంటాను. నేను కూర్చున్న మొదటి ట్రైనింగులో రెండు రోజులు అచ్చు యంత్రం చరిత్ర స్లైడ్లు చదివి వినిపించారు. చివర్లో సర్టిఫికెట్, గ్రూప్ ఫొటో. చెప్పినాయన జీవితంలో ఒక్క వార్త రాసినట్టు లేదు. అలాంటివి ఆపేస్తే నాకేం బాధ లేదు.

రెండోది వేరు. పొద్దున్నే టీచర్లందర్నీ బయటికి తోలి, సాయంత్రానికి తలా ఒక వార్త తెమ్మన్నారు. నేను ఒకే ఒక్క మనిషితో మాట్లాడి, బ్రహ్మాండంగా రాసుకొచ్చాను. పక్క సీటు లెక్కల టీచరు నా కాయితం తీసుకుని, ఆ మనిషికి ఫోన్ చేసి సరిచూసింది. ఆయన పేరే తప్పు రాశాను. ఆవిడ నా ఎర్ర పెన్నే అడిగి తీసుకుని దిద్దింది.